వెలిసిన రంగులు, పీక్కుపోయిన ముఖాలు

(నల్లగొండలో ఇంగ్లీషు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభలో ఉన్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

నేను ఈ రోజు ఒక చిన్న మాటల గుంపు గురించి మాత్రమే మాట్లాడదలచుకున్నాను. రంగు తగ్గిన వస్తువులనూ, సత్తువ తగ్గిన మనుషులనూ వర్ణించడానికి ఇంగ్లీషులో వాడే విశేషణాలు అవి. పేల్, పాలిడ్, వాన్, సాలో, యాషెన్, డ్రాబ్, డల్, ఫేడెడ్, హ్యాగర్డ్, గాంట్, డ్రాన్, జేడెడ్: ఇలా చెప్పుకుంటూ పోతే ఇంకా చాలా ఉన్నాయి. మన విద్యార్థుల చేతుల్లో ఉండే నిఘంటువుల్లో వీటిలో సగానికి 'పాలిపోయిన' అనీ, మిగతా సగానికి 'అలసిన' అనీ అర్థం రాసి ఉంటుంది. ఆ రెండు అర్థాలతోనే ఇంటర్మీడియట్ నుంచి ఎం.ఏ. దాకా నెట్టుకొచ్చిన వాళ్లను నేను ఎందరినో చూశాను. నేను కూడా చాలాకాలం అలాగే నెట్టుకొచ్చాను కనుక వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ల క్రితం అనువాద పరీక్ష పత్రాలు దిద్దుతుండగా ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. ప్రశ్నలో ఒక కుర్రవాడు పేల్ బ్లూ రంగు కొత్త చొక్కా వేసుకొని పెళ్లికి వచ్చాడని ఉంది. విద్యార్థి దానిని 'పాలిపోయిన నీలం రంగు కొత్త చొక్కా' అని తెలుగు చేశాడు. నిఘంటువు ప్రకారం చూస్తే తప్పు లేదు. కానీ కొత్త చొక్కా పాలిపోయి ఎలా ఉంటుంది? మన ఇళ్లలో ఏ తల్లీ అలా అనదు. 'లేత నీలం' అంటుంది. ఆ పత్రానికి ఎన్ని మార్కులు వేశానో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఆ జవాబు మాత్రం నన్ను ఈ అంశంలోకి దింపింది.

'లేత' అన్న మాటను ఒక్క క్షణం గమనించండి. లేత ఆకు, లేత బెండకాయ, లేత కొబ్బరి అని మనం అనే మాటే రంగుకూ వాడుతున్నాం. దానికి ఎదురు మాట 'ముదురు'. ముదిరిన బెండకాయ, ముదురు ఎరుపు. అంటే తెలుగువాడు రంగును చెట్టు మీద పెరిగే వస్తువుగా చూశాడు. రంగు తక్కువగా ఉందంటే అది ఇంకా పసిదని అర్థం, ఎక్కువగా ఉందంటే వయసు వచ్చిందని అర్థం. ఇంగ్లీషు పేల్ వచ్చిన దారి దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. లాటిన్‌లో 'పల్లిడుస్' అంటే రక్తం తగ్గి తెల్లబడినది. అదే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి పేల్ అయింది, తర్వాతి కాలంలో పండితుల చేతుల మీదుగా లాటిన్ నుంచి నేరుగా మరొకసారి వచ్చి పాలిడ్ అయింది. భయంతో గుండె జారిపోవడాన్ని చెప్పే 'అపాల్' అనే క్రియ కూడా ఆ కుటుంబానిదే, దాని తొలి అర్థం తెల్లబోవడం. ఒకే లేత రంగును వాళ్లు రోగి ముఖంలో చూశారు, మనం చిగురులో చూశాం. కనుక పేల్ కనిపించిన ప్రతిచోటా అది వస్తువుకు పుట్టుకతో వచ్చిన రంగా, తర్వాత పోగొట్టుకున్న రంగా అని అడిగి తీరాలి. మొదటిదైతే లేత, రెండోదైతే పాలిపోయిన.

ఈ పల్లిడుస్‌కు మన ఇంట్లోనే ఒక చుట్టం ఉంది. సంస్కృతంలో 'పలితం' అంటే నెరిసిన జుట్టు. ముసలితనాన్ని వర్ణిస్తూ మన పండితులు 'వలీపలితములు' అంటారు, అంటే ముడతలు, నెరసిన వెంట్రుకలు. భాషాశాస్త్రజ్ఞులు ఈ పలితాన్నీ, లాటిన్ పల్లిడుస్‌నూ, లేత గోధుమరంగును చెప్పే ఇంగ్లీషు 'ఫాలో'నూ ఒకే మూలధాతువు సంతానంగా లెక్కిస్తారు. సంస్కృతం ద్వారా మనకు వచ్చిన ఆ మాట తల వెంట్రుకల దగ్గర ఆగిపోయింది, ఐరోపాలో ఉన్న దాని చుట్టాలు ముఖం దాకా దిగాయి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. వెలిసిన, మాసిన, వాడిన, వడలిన, నలిగిన, కమిలిన, పాలిపోయిన, పీక్కుపోయిన, చిక్కిన, మసకబారిన, కళతప్పిన: ఈ తెలుగు మాటలన్నింటినీ ఒక వరుసలో పెట్టి చూడండి. వీటిలో ఒక్కటి కూడా వ్యాకరణం ప్రకారం పుట్టు విశేషణం కాదు. అన్నీ క్రియలే. ఏదో ఒకటి జరిగిందని చెప్పి ఆ జరిగినదాన్నే విశేషణంగా వాడుకుంటున్నాం. 'వెలిసిన చీర' అన్నామంటే ఆ చీర ఒకప్పుడు రంగుతో ఉండేదన్న కథ మాటలోనే ఉంది. 'వాడిన ముఖం' అన్నామంటే అది ఉదయం విచ్చుకొని ఉండేదని, మధ్యాహ్నం ఎండ దాని మీద పడిందని వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో కూడా ఇలాంటివి లేకపోలేదు. ఫేడెడ్, వోర్న్, డ్రాన్, వాష్డ్ అవుట్ వంటివి క్రియల నుంచి వచ్చినవే, అందుకే మన విద్యార్థులకు అవి తొందరగా అంటుతాయి. చిక్కంతా వాన్, సాలో, గాంట్, హ్యాగర్డ్ వంటి వాటితోనే. అవి పైకి ఏ కథా చెప్పవు, ముఖం ఇలా ఉందని మాత్రమే చెప్పి ఊరుకుంటాయి. కథ లోపల దాగి ఉంటుంది, దాన్ని మనం తవ్వి తీయాలి.

క్రియ నుంచి వచ్చిన వాటిలో డ్రాన్‌ను చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చట వేస్తుంది. 'డ్రా' అంటే లాగడం, డ్రాన్ ఫేస్ అంటే లాగబడిన ముఖం. నేను చదువుకునే రోజుల్లో హైదరాబాద్ హాస్టల్ నుంచి దేవరకొండ దగ్గరి మా ఊరికి వస్తే, మా అమ్మ గడపలోనే నిలబెట్టి, "ఏం బిడ్డా, మొఖం గట్ల గుంజుకపోయింది, సరిగ్గ తింటలేవా?" అని అడిగేది. గుంజడం అన్నా లాగడమే, పుస్తకాల తెలుగులో పీకడం అన్నా లాగడమే. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మకూ, లండన్‌లో నవల రాసుకునే మనిషికీ ఒకే పోలిక తట్టింది. చర్మాన్ని ఎవరో లోపలి నుంచి పట్టి లాగినట్టు ఉండే ఆ ముఖాన్ని రెండు భాషలూ ఒకేలా చూశాయి.

అలాగే గాంట్ అన్న మాట ఎముకలు తేలిన మనిషికి వాడతారు. తెలుగులో 'చిక్కి శల్యమయ్యాడు' అంటాం, శల్యం అంటే ఎముకే. అయితే గాంట్‌ను ఆకులు రాలిన చెట్టుకూ, పాడుబడిన కోటగోడకూ కూడా వాడవచ్చు, చిక్కి శల్యమైన చెట్టు అంటే మాత్రం మనవాళ్లు నవ్వుతారు. అక్కడ 'మోడు' అన్న మాట సిద్ధంగా ఉంది.

కథ లోపల దాగిన మాటల్లో హ్యాగర్డ్ చాలా విచిత్రమైనది. ఇది 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన వేటగాళ్ల మాట. డేగలను పట్టి వేటకు తర్ఫీదు ఇచ్చే రోజుల్లో, గూటిలో పిల్లగా ఉన్నప్పుడు పట్టిన డేగ సులువుగా మచ్చిక అయ్యేది. అడవిలో పెరిగి పెద్దదయ్యాక వలలో పడిన డేగ మాత్రం లొంగేది కాదు. ఆ లొంగని డేగ పేరే హ్యాగర్డ్. దాని చూపులోని బెదురును మనిషి చూపుకు అంటగట్టారు, తర్వాత నిద్ర లేక, దిగులుతో కళ్లు లోతుకు పోయిన మనిషికి ఆ మాట స్థిరపడింది. ఈ సంగతి తెలిస్తే హ్యాగర్డ్‌ను ఉత్త 'అలసిన' అని రాయడానికి చెయ్యి రాదు. అందులో అలసట ఎంత ఉందో బెదురూ అంతే ఉంది. పంట ఎండిపోయాక అప్పులవాళ్ల నుంచి ముఖం తప్పించుకొని తిరిగే రైతు హ్యాగర్డ్. పొద్దంతా నాట్లు వేసి, సాయంత్రం పాటలు పాడుకుంటూ ఇంటికి పోయే కూలి మనిషి ఎంత అలసినా హ్యాగర్డ్ కాదు, టయర్డ్ మాత్రమే.

జేడెడ్ కూడా జంతువు నుంచే వచ్చింది. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో జేడ్ అంటే బండి లాగి లాగి పనికిరాకుండా పోయిన గుర్రం. ఇప్పుడు జేడెడ్ అంటే ఒళ్లు అలసినవాడు అని మన విద్యార్థులు రాస్తారు, కానీ నేటి వాడుకలో అది ఎక్కువగా మనసుకు, రుచికి సంబంధించిన అలసట. ఒకటే పని, ఒకటే తిండి, ఒకటే వినోదం మితిమీరి అనుభవించినవాడికి కలిగే విసుగు అది. దీనికి తెలుగులో 'మొహం మొత్తడం' అన్న జాతీయం అచ్చంగా సరిపోతుంది. రోజూ బిర్యానీ తిన్నవాడికి బిర్యానీ మొహం మొత్తుతుంది. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో 'యాష్టకొచ్చింది' అనేది కూడా దీనికి దగ్గరి మాటే. ఈ రెండింటినీ విడిచిపెట్టి 'అలసిపోయిన' అని రాయడం అన్యాయం.

ఈ మాటల మధ్య తేడా తెలుసుకోవడానికి నేను తరగతిలో ఒక కిటుకు వాడేవాణ్ణి. ముఖం ఆ రంగుకు రావడానికి ఎంత కాలం పట్టిందని అడిగేవాణ్ణి. యాషెన్ కావడానికి క్షణం చాలు. యాష్ అంటే బూడిద, చావుకబురు చెవిన పడగానే ముఖం బూడిదరంగుకు తిరుగుతుంది. హ్యాగర్డ్ కావడానికి కొన్ని రాత్రులు కావాలి. సాలో కావడానికి నెలలు, ఏళ్లు పడతాయి. అది జబ్బు వల్లనో, సరైన తిండి లేకనో చర్మానికి పట్టే పసుపు ఛాయ, చర్మానికి తప్ప దాన్ని మరి దేనికీ వాడరని గుర్తు పెట్టుకుంటే చాలు. వాన్ మాత్రం ఎక్కువగా నవ్వుకు పక్కన కనిపిస్తుంది. జ్వరం తగ్గిన మనిషి పలకరించడానికి వచ్చినవాళ్లను చూసి బలవంతంగా తెచ్చుకునే నీరసపు నవ్వుకు అది చక్కగా అతుకుతుంది.

వాన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని చరిత్ర మన ఒంటిరంగు మీదికి వస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాటకు తెలుపుతో సంబంధమే లేదు. దాని అర్థం నల్లని, చీకటిగా ఉన్న, మెరుపు లేని అని. ఆనాటి కవులు రాత్రికీ, పీనుగుల మీద వాలే కాకి జాతి పక్షికీ, మబ్బుపట్టిన సముద్రపు అలలకూ దాన్ని వాడారు. కాలం గడిచేకొద్దీ 'మెరుపు లేని' అన్న భాగం మిగిలింది, 'నల్లని' అన్న భాగం రాలిపోయింది, చివరికి అది వెలవెలబోయిన ముఖానికి చేరింది. సాలో కూడా తొలుత ముదురు మురికిరంగును చెప్పిన మాటే, ఫ్రెంచిలో మురికి అన్న అర్థంలో ఉన్న 'సాల్' దాని చుట్టమే.

నలుపు నుంచి తెలుపుకు ఒక మాట ఎలా మారిందని ఇంగ్లీషువాళ్లు ఆశ్చర్యపోవచ్చు గానీ, మనం ఆశ్చర్యపోనవసరం లేదు. మన ముఖాలు అలసిపోతే తెల్లబడవు, నల్లబడతాయి. బొంబాయి, పుణె వైపు మట్టిపనికి పోయి నెలల తర్వాత ఊరు చేరిన పాలమూరు కూలీని చూసి ఇంటివాళ్లు అనే మొదటి మాట, "ఎంత నల్లగైనవు!" అనేదే. ఆ మాటలో ఎండ ఉంది, తిండి లేమి ఉంది, దిగులు ఉంది. దానిని ఇంగ్లీషులోకి 'యూ హ్యావ్ బికమ్ బ్లాక్' అని మారిస్తే ఎంత అనర్థమో చెప్పనక్కరలేదు. 'పేల్' అని మారిస్తే ఆ మనిషి రంగే మారిపోతుంది. తెల్లచర్మం మీద రక్తం వెనక్కి తగ్గితే కనిపించే మార్పుకు పుట్టిన మాటలను మన ఒంటికి తొడగడం అంత సులువు కాదు. వైద్యవిద్యార్థులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. రక్తహీనతను కనిపెట్టడానికి వాళ్లు మన బుగ్గలను చూడరు, కింది కనురెప్పను లాగి లోపలి ఎరుపు చూస్తారు, నాలుక, గోళ్లు, అరచేయి చూస్తారు. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసులోని భావం ఒంటి మీద తెలిసిపోయే గుర్తుల్లో, ఒకదానికి 'వైవర్ణ్యం' అని పేరు పెట్టింది. రంగు మారడం అని దాని అర్థం, ఏ రంగుకు మారాలో ఆ మాట చెప్పదు. అన్ని రకాల చర్మాలకూ సరిపోయే మాట అది. ఇంగ్లీషులో దానికి సాటి వచ్చే ఒక్క విశేషణం నాకు ఇంతవరకు దొరకలేదు.

వస్తువుల రంగు విషయానికి వస్తే మన జిల్లాలవాళ్లు ఈ మాటలను అందరికంటే బాగా అర్థం చేసుకోగలరు. పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాల: రంగు మీద బతికిన ఊళ్లు ఇవి. డ్రాబ్ అన్న మాటను చాలామంది విసుగు పుట్టించే మందకొడి రంగుకు వాడతారు. అది బట్ట అన్న అర్థం గల ఫ్రెంచి 'ద్రా' నుంచి వచ్చిందని చెబుతారు. 17వ శతాబ్దం చివరికి దాని అర్థం అద్దకం పడని బట్టకు సహజంగా ఉండే మట్టిరంగు. అందులో నిందేమీ లేదు, రంగువేయని నూలు ఎలా ఉంటుందో చెప్పడమే. చిట్కీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా ముడి బిగించి, అద్దకానికి సిద్ధంగా ఉంచిన నూలును చూసిన నేతగానికి డ్రాబ్ అంటే ఏమిటో అరక్షణంలో చెప్పవచ్చు. ఖాకీ కూడా ఇలాంటిదే, ఖాక్ అంటే ధూళి. 19వ శతాబ్దం మధ్యలో సైనికుల దుస్తులతో పాటు మన దేశం నుంచే ఆ మాట ఇంగ్లీషుకు వెళ్లింది, కనుక దాన్ని వాళ్ల మాటగా నేర్చుకోవలసిన అగత్యం మనకు లేదు.

పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, అప్పుడు ఎరుపు, నలుపు అద్దుతారు. ఆ రంగు అంత తొందరగా వెలవదు. అలా నిలిచే రంగును మన దగ్గర 'పక్కా రంగు' అంటారు, ఇంగ్లీషులో 'ఫాస్ట్ కలర్' అంటారు. ఒక తరగతిలో ఫాస్ట్ కలర్ అంటే ఏమిటని అడిగితే, "ఫాస్ట్‌గా పోయే రంగు సార్" అని ఒక అబ్బాయి ఎంతో ధీమాగా చెప్పాడు. పోవడమే మనకు అనుభవం కనుక వాడి తర్కాన్ని కాదనలేకపోయాను. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు, గట్టిగా పట్టుకొని ఉండడం. ఆ మాటకు అదే పాత అర్థం, వేగం తర్వాత వచ్చి చేరింది.

వెలవడం అనే క్రియ దగ్గర ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. వాన వెలిసింది, రంగు వెలిసింది, యాదగిరిగుట్ట మీద నరసింహస్వామి వెలిశాడు. వినడానికి ఒకే మాటలా ఉన్నా ఒకచోట ఆగడం, ఒకచోట పోవడం, ఒకచోట ప్రత్యక్షం కావడం. ఇంగ్లీషు విద్యార్థి ఎవరైనా తెలుగు నేర్చుకుంటూ ఈ మూడింటి ముందు నిలబడితే, మనం వాన్ ముందు నిలబడినట్టే ఉంటుంది.

ఫేడ్ అన్న మాట రుచి నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో 'ఫాద్' అంటే రుచీ పచీ లేనిది. చప్పబడిన కూరకూ, వెలిసిన రంగుకూ ఒకే మాట ఎలా కుదిరిందని అనుమానం వస్తే, మన పక్కింటి ఉర్దూను అడగవచ్చు. ఉప్పూకారం లేని కూరా 'ఫీకా'యే, పంచదార తక్కువైన చాయ్ కూడా 'ఫీకా'యే, తేలిపోయిన రంగూ 'ఫీకా'యే. నల్లగొండ గడియారం స్తంభం దగ్గర పెరిగిన పిల్లలకు ఇది పాఠం చెప్పనవసరం లేని సంగతి.

ఇప్పుడు డల్ గురించి ఒక మాట. ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరం ఈ మాట వాడతాం. "ఏంటి, ఇవాళ డల్‌గా ఉన్నావు?" అని పలకరిస్తాం. బల్బు డల్‌గా వెలుగుతుంది, గిరాకీ డల్‌గా ఉంటుంది, చొక్కా డల్ అవుతుంది. ఇది తెలుగు మాటైపోయింది, నాకు అభ్యంతరం లేదు. అయితే ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఇంగ్లండు నుంచో, అమెరికా నుంచో వచ్చిన మనిషితో 'యూ లుక్ డల్' అన్నామంటే, నీరసంగా ఉన్నావని మనం అనుకుంటాం, నువ్వు చూడడానికి చప్పగా, మందబుద్ధిలా ఉన్నావని వాళ్లకు వినబడుతుంది. ఆ మాట తొలి అర్థం మూర్ఖుడనే, రంగుకు, వెలుతురుకు తర్వాత పాకింది. సానుభూతి చూపబోయి తిట్టినట్టవుతుంది. అక్కడ 'టయర్డ్' అంటే చాలు, ఇంత కష్టపడి నేర్చుకున్న పెద్ద మాటలు కూడా అక్కరలేదు.

లివిడ్ అన్న మాటను చెప్పకుండా నల్లగొండ నుంచి కదలలేను. ఈ ఊరి పాత పేరు నీలగిరి అని మనం చెప్పుకుంటాం. ఒకే కొండ ఒక పేరులో నీలంగా ఉంది, ఇంకో పేరులో నల్లగా ఉంది. దెబ్బ తగిలిన చోట చర్మం సరిగ్గా ఆ రెండు రంగుల మధ్య ఉంటుంది. లాటిన్ 'లీవిడుస్' ఆ సీసం రంగును చెప్పిన మాట, మన 'కమిలిన' దానికి అచ్చమైన సాటి. కానీ ఈ రోజు ఇంగ్లీషు పత్రికల్లో లివిడ్ కనిపిస్తే నూటికి తొంభైపాళ్లు కోపంతో ఊగిపోతున్న మనిషి అనే అర్థం. కోపంలో ముఖం ఎర్రబడుతుంది కనుక లివిడ్ అంటే ఎర్రని అనుకునేవాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలో కూడా ఉన్నారు. సీసపు రంగు మాట, చావుముఖపు మాట, చివరికి ఎరుపుకు చేరింది. లూరిడ్‌కు కూడా ఇదే గతి పట్టింది. ఒకప్పుడు పాలిపోయిన పసుపు, ఇప్పుడు కళ్లు చెదిరే చవకబారు రంగు. ఇలాంటి మాటలను పాత నిఘంటువు చూసి వాడితే ప్రమాదం, కొత్త వాడుక మాత్రమే చూసి పాత పుస్తకం చదివినా ప్రమాదమే.

ఆఖరుగా ఒక అనువాద సమస్య మీ ముందు పెడతాను. కూతురి పెళ్లి అయిపోయి, చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాడు, పందిరి గుంజలు ఊడదీస్తుంటే మనం 'ఇల్లు వెలవెలబోయింది' అంటాం. ఇందులోని 'వెల' తెలుపును చెప్పే పాత ద్రావిడ మాట, వెల్ల, వెలుగు వంటి మాటలు దాని తోబుట్టువులు. అంటే ఇంటి ముఖం పాలిపోయిందని అంటున్నాం. దీన్ని ఇంగ్లీషులోకి ఎలా తేవాలని చాలాకాలం వెతికాను. ఎంప్టీ అంటే ఖాళీ, లోన్లీ అంటే ఒంటరి, రెండింటిలోనూ రంగు లేదు. చివరికి బ్లీక్ దగ్గర ఆగాను. ఈ రోజు దానికి గాలికి ఎండిన బయలు, ఆశ లేని స్థితి అనే అర్థాలున్నాయి, కానీ అది పాత స్కాండినేవియా భాషలోని 'బ్లైక్ర్' నుంచి వచ్చింది, దానికి అర్థం పాలిపోయిన అని. బట్టల రంగు పోగొట్టే బ్లీచ్ కూడా దానికి చుట్టమే. మన వెలవెల లాగానే అది ముఖంలోని తెలుపు నుంచి బయలుదేరి మనుషులు లేని చోటుకు చేరింది. అయితే బ్లీక్‌లో చలిగాలి ఉంది, పెళ్లి పందిరి లేదు. నేను బ్లీక్ అనే రాశాను. ఇంతకంటే దగ్గరి మాట మీలో ఎవరికైనా తడితే, ఈ సభ ముగిశాక చెప్పండి, నా రాతప్రతి ఇంకా అచ్చుకు పోలేదు.